నా కాలు, నా బిడ్డ మెడ

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అందరికీ ముందు తల బయటికొస్తుంది, నాకు కాళ్ళు వచ్చాయి. దాంతో మా అమ్మకు ప్రాణం మీదికొచ్చింది, నాకేమో ఊళ్ళో ఒక పని దొరికింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఎడమకాలు ఆనిస్తే నడుం పట్టు వదులుతుందని మా దిక్కు నమ్మకం. నడుమే కాదు, మెడ పట్టినా, జబ్బ పట్టినా, బరువెత్తి వీపు కలుక్కుమన్నా అంతే. నొప్పి ఉన్న మనిషి గడప ముందు బోర్లా పడుకోవాలి. ఎదురుకాళ్ళ మనిషి వచ్చి మూడుసార్లు కాలు ఆనించి, మాట్లాడకుండా వెళ్ళిపోవాలి.

నాకు సరిగ్గా నడక రాకముందే సంగారెడ్డి జిల్లా కొండాపూర్ దగ్గరి మా ఊళ్ళో నా కాలికి పేరొచ్చింది. పొద్దున్నే నిద్రమొహంతో ఉన్నదాన్ని ఎత్తుకుపోయి ఎవరి వీపు మీదో నిలబెట్టేవాళ్ళు. పంచాయితీల్లో గొంతు చించుకునే పెద్దమనుషులు మా గడప ముందు బోర్లా పడి "జెర మెల్లగ తల్లీ" అని బతిమాలేవాళ్ళు. అంతటి మనుషుల్ని తొక్కే భాగ్యం అందరికీ దొరకదు. నేను మాత్రం మొహమాటం లేకుండా తొక్కాను. పట్టు వదిలేదా అంటే, వదిలేది. నడుం పట్టు ఎవరూ తొక్కకపోయినా రెండు మూడు రోజుల్లో వదులుతుంది. ఈ సంగతి నాకు డిగ్రీ చదివేటప్పుడు తట్టింది. ఇంట్లో చెబితే మా నాయన "సదువు జెర ఎక్కువైంది నీకు" అన్నాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళయ్యాక ఇంద్రేశం వచ్చాం. కొత్త ప్లాట్ల మధ్య ఒక మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మా ఆయన పటాన్‌చెరులో ఇనుప సామాను తయారుచేసే ఫ్యాక్టరీలో, నేను మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో. ఊరు వదిలితే ఈ కాలి గోల వదులుతుందనుకున్నాను. ఎక్కడ వదిలింది! మా ఊరి పిల్ల ఒకతి నాతోపాటే పనిచేస్తుంది, అది ఊరుకుంటుందా? భోజనాల వేళకు గోదాము వెనక అట్టపెట్టెలు విప్పి పరుచుకుని హమాలీలు బోర్లా పడుకోవడం మొదలైంది. బీహార్ వాళ్ళు, ఒడిశా వాళ్ళు. "దీదీ, కమర్ పకడ్ లియా" అని నడుం పట్టుకుని చూపించేవాళ్ళు. ఒకరోజు మా సూపర్‌వైజరూ పడుకున్నాడు. ఆయన్ని కొంచెం గట్టిగానే తొక్కాను.

మా పాప మాత్రం తలతోనే పుట్టింది. దాన్ని చూసుకోవడానికి ఊరి నుంచి మా అత్త వచ్చింది. మామ లేడు, ఊళ్ళో ఆమెకు వేరే పనీ లేదు. ఆమె వచ్చింది కాబట్టే నేను మళ్ళీ డ్యూటీకి వెళ్ళగలిగాను. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ఆమె మీద చాలా చెప్పబోతున్నాను.

పాపకు ఐదో నెల నడుస్తున్నప్పుడు ఒక పొద్దున లేచి చూస్తే తల ఎడమ భుజం మీదికి వాలిపోయి ఉంది. నిద్రలో అలా పడుకుందేమో అనుకుని నెమ్మదిగా సరిచేయబోయాను. పిల్ల కెవ్వుమంది. అంతకుముందు ఎప్పుడూ అలా ఏడవలేదు. వదిలేస్తే తల మళ్ళీ ఎడమకే పోయింది. పాలు తాగింది, తాగినవన్నీ కక్కింది. మొహం పాలిపోయింది. మా ఆయన బూట్లు వేసుకుంటున్నవాడు ఒక బూటుతోనే నిలబడిపోయాడు.

మా అత్త మాత్రం తొణకలేదు. "ఏం గాలే. నరం మీద నరం ఎక్కింది, గంతే" అంది. "కాలు వెట్టు."

"ఎవరికి?"

"ఎవలకేంది? పిల్లకే. ఊరందరికి వెడ్తవు, నీ బిడ్డకు వెట్టవా?"

పాప మెడ అప్పుడు సొరకాయ తొడిమంత ఉంది. పెట్టనని చెప్పాను. సంగారెడ్డిలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కళ్ళు చూశాడు, చెవులు చూశాడు, జ్వరం లేదన్నాడు, కండరం పట్టిందేమో రెండు రోజులు చూద్దామని ఏవో చుక్కలు రాసిచ్చాడు. మూడో రోజు పొద్దున తల నిటారుగా ఉంది. పిల్ల ఏమీ ఎరగనట్టు నవ్వుతోంది. నేను ఏడ్చాను. మా అత్త నవ్వింది.

ఆ నవ్వేదో తేడాగా ఉందని గట్టిగా అడిగితే చెప్పింది. ముందు రోజు మధ్యాహ్నం నేను అలసిపోయి నిద్రపోయానట. ఆమె పాపను ఎత్తుకొచ్చి, నిద్రలో ఉన్న నా ఎడమకాలికి పిల్ల మెడను మూడుసార్లు ఆనించిందట. "కాలు పిల్లకాడికి రాకుంటే, పిల్లనే కాలుకాడికి దెచ్చిన" అంది, పెద్ద ఘనకార్యం చేసినట్టు. కోపం తన్నుకొచ్చింది. లేచి గిన్నెలు తోమాను. ఆ రోజు రెండు గిన్నెలకు సొట్టలు పడ్డాయి.

కొన్ని వారాలకు మళ్ళీ వచ్చింది. ఈసారి కుడివైపు. అదే ఏడుపు, అవే వాంతులు, అదే పాలిపోయిన మొహం. నరం మీద నరం ఎక్కితే ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఎందుకెక్కుతుందని నేను అడిగితే, మా అత్త "పాడు నరం గది" అంది. ఈసారి హైదరాబాదులో పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పోయాం. తలకు స్కానింగ్ తీశారు. అంత చిన్న పిల్లను ఆ గుండ్రటి గొట్టంలోకి పంపారు. ఏమీ లేదని వచ్చింది. కళ్ళు, రక్తం, అన్నీ చూశారు. అన్నీ బాగున్నాయి. బాగున్న పిల్ల మెడ ఎందుకు వాలుతుందో ఎవరూ చెప్పడం లేదు.

చివరికి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఇది చాలా అరుదుగా, ఏ కొందరు పసిపిల్లలకో వస్తుందట. పేరు బినైన్ పరాక్సిస్మల్ టార్టికాలిస్. మా ఆయన ఆ పేరు ఫోన్లో రాసుకుని, పలకడానికి దారంతా తంటాలు పడ్డాడు. బినైన్ అంటే హాని చేయనిది అని అర్థమట. కొన్ని గంటలో కొన్ని రోజులో తల వాలి ఉంటుంది, దానంతట అదే పోతుంది, మళ్ళీ వస్తుంది. నడక వచ్చి, మాటలు వచ్చే వయసుకు చాలామందికి పూర్తిగా ఆగిపోతుంది. మందు లేదు. చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచాలి. కొద్దికొద్దిగా పాలు పట్టాలి. జ్వరం వచ్చినా, మింగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా మాత్రం అది వేరే జబ్బు, వెంటనే పరుగెత్తాలి.

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి" అంది డాక్టరమ్మ. "ఎవరినీ మెడ పట్టి సరిచేయనివ్వకండి. నూనె పెట్టి లాగడం, గడ్డం పట్టి తిప్పడం, ఇవన్నీ ఊళ్ళల్లో చేస్తారు. ఇప్పుడు మెడకు ఏ దెబ్బా లేదు. అలా తిప్పితే నిజంగా తగులుతుంది. తర్వాత నేనూ ఏం చేయలేను."

ఆ మాటతో నాకు చేయాల్సిన పనేమిటో తెలిసింది. జబ్బును నేను ఆపలేను. చేతుల్ని ఆపాలి.

లేవబోతుంటే డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది, "మీ ఇంట్లో ఎవరికైనా పార్శ్వపు నొప్పి ఉందా? తలలో ఒకవైపే వచ్చే నొప్పి?" మేమిద్దరం ఒకేసారి పక్కకు చూశాం. మా అత్త పొద్దుటి బస్సు ప్రయాణానికి నొప్పి లేచి, తడిగుడ్డ తలకు బిగించి కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. ఇదీ ఆ నొప్పి వంశమే, ఇంట్లో ఎవరికైనా ఆ నొప్పి ఉంటే పిల్లలకు ఇలా వచ్చే అవకాశం ఎక్కువ అని చెప్పింది. దారంతా మా అత్త తడిగుడ్డ కళ్ళ మీదికి లాక్కుని కూర్చుంది. పుట్టినప్పటి నుంచి పిల్లకు దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా "మా దిక్కు ఎవ్వలకు లేదమ్మా" అనడం ఆమెకు అలవాటు. ఈ జబ్బొక్కటి నేరుగా ఆమె దిక్కు నుంచే వచ్చింది. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పకూడదు గానీ, అయింది.

డాక్టరు ఏమీ చేయొద్దు అని చెబితే ఇంట్లోవాళ్ళకు అది వైద్యంలా కనిపించదు. అంత దూరం పోయి, అంత పెద్ద మెషీన్లో పెట్టి, చివరికి ఊరికే కూర్చోమంటారా? మూడోసారి మెడ వాలినప్పుడు మా ఆయన నోట జోగిపేట మాట వచ్చింది. జోగిపేట అవతల ఒక ఊళ్ళో మెడలు లాగే మనిషి ఉన్నాడట. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టి ఒక్క గుంజు గుంజుతాడట, టక్‌మని చప్పుడు వస్తుందట, అంతే. ఫ్యాక్టరీలో ఎవరి పిల్లగాడికో అలాగే నయమైందట.

"డాక్టరమ్మ ఏమన్నది?" అన్నాను.

"ఆమె మందు లేదన్నది గదా. ఈయనకాడ ఉన్నది. ఒక్కసారి సూపిస్తే ఏం పోతది?"

"మెడ పోతుంది."

"నువ్వు అన్నిటికీ గట్లనే అంటవ్."

మా అత్త అప్పటికే ఆదివారం వెళ్దామని ఖాయం చేసి, బస్సు టైమింగ్ కూడా కనుక్కుంది. డాక్టరు మాట చెప్పాను, బతిమాలాను, అరిచాను. వాళ్ళిద్దరూ తలలు ఊపారు. ఆదివారం మాత్రం ఆదివారంగానే ఉంది. అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"సరే. కాలు పెడతాను. కానీ ఎదురుకాలు పెట్టిన చోట ఇంకొకరి చెయ్యి పడకూడదు. పడితే కాలి గుణం పోతుంది. మా అమ్మ చెప్పింది."

మా అమ్మ ఎప్పుడూ అలా చెప్పలేదు. కానీ డాక్టరమ్మ చదువంతా చేయలేని పని ఆ ఒక్క అబద్ధం చేసింది. "గది ముందే చెప్పొద్దా?" అని మా అత్త నా మీదే గయ్యిమంది. ఆదివారం ఆగిపోయింది.

పాపను మంచం మీద పడుకోబెట్టి, మెడ జోలికి పోకుండా, చొక్కా అంచుకు బొటనవేలు కొన మూడుసార్లు తాకించాను. మా అత్త ఊపిరి బిగబట్టి చూసింది. రెండు రోజులకు తల నిటారుగా నిలిచింది. నిలవకపోతే ఏం చేసేదాన్నో తెలియదు.

అప్పటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున కళ్ళు తెరవగానే నేను చూసేది పాప మెడ. నిటారుగా ఉంటే ఆ రోజు పండగ. వాలి ఉంటే కిటికీకి దుప్పటి కట్టడం, కుక్కర్ పెట్టకపోవడం, టీవీ ఆపేయడం. తల ఎటు వాలితే అటే వాల్చి ఒళ్ళో వేసుకుని పాలివ్వాలి. ఎడమకు వాలినప్పుడు కుడిచేయి, కుడికి వాలినప్పుడు ఎడమచేయి. కక్కితే పట్టడానికి పాత తువ్వాలు భుజం మీద ఉండాల్సిందే. పాకడం వచ్చాక మెడ వాలిన రోజుల్లో తిన్నగా పాకలేక గుండ్రంగా తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటుకే వచ్చేది, వచ్చి మమ్మల్నే కోపంగా చూసేది. అది చూసి నవ్వాను, నవ్వుతూనే ఏడుపొచ్చింది. డాక్టరమ్మ అడిగిందని ఫోన్లో వీడియోలు తీశాను. అందరి ఫోన్లలో పిల్లలు చప్పట్లు కొట్టే వీడియోలుంటాయి, నా ఫోన్లో ఇవి.

ఇంత జరుగుతున్నా డ్యూటీకి పోయేదాన్ని. సెలవు ఎన్నిసార్లు అడుగుతాం? బెల్టు మీద మాత్రల షీట్లు వస్తుంటాయి, మాత్ర లేని ఖాళీ గుంట కనిపిస్తే ఆ షీటు తీసి పక్కన పడేయాలి. చేతులు ఆ పని చేస్తుంటే మనసు ఇంద్రేశంలో ఉండేది. భయంగా ఉండేది. రోజూ భయంగానే ఉండేది. ఎవరో పెద్దామె వచ్చి "ఇటు దే" అని పిల్లను తీసుకుని, చూస్తుండగానే గడ్డం పట్టి తిప్పేస్తుందేమోనని. కానీ మా అత్త గట్టిగా కాపలా కాసింది. "ఎదురుకాలు వెట్టిన మెడ. చెయ్యి దూరం వెట్టు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను అల్లిన అబద్ధాన్ని నాకంటే నిష్ఠగా ఆమె పాటించింది.

కాలు తాకించాక నాకూ కొంచెం నిమ్మళంగా ఉండేది. ఊరికే చూస్తూ కూర్చోవడం కంటే ఏదో ఒకటి చేసినట్టుండేది. ఈ మాట డాక్టరమ్మ ముందు మాత్రం ఒప్పుకోను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా అత్త కాపలా కాయడంతో ఆగలేదు, ప్రచారం కూడా చేసింది. నెల తప్పకుండా మెడ వాలడం, కాలు తాకించడం, రెండు మూడు రోజుల్లో నిలబడటం వాడకట్టంతా చూస్తోంది. అంతకుముందు నడుములే వచ్చేవి, ఇప్పుడు మెడలు కూడా రావడం మొదలైంది. ఎవరి పిల్లకో దిండు సరిగా లేక మెడ పట్టేది, ఎత్తుకొచ్చేవాళ్ళు. నేను చొక్కా అంచుకు వేలు తాకించి, "డాక్టరుకు కూడా చూపించండి" అని పంపేదాన్ని. రెండో మాట ఎవరూ వినిపించుకోలేదు.

మా వీధి చివర వెల్డింగ్ దుకాణం ఉంది. ఆ దుకాణం వాళ్ళ ఇల్లాలు ముస్లిం. నాకంటే చిన్నది, నన్ను ఆపా అంటుంది, అక్కా అన్నట్టు. ఒకరోజు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మా మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో కొడుకు. వాడు మా పాపకంటే రెండు మూడు నెలలు చిన్నవాడు. పక్కన మా అత్త, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. నన్ను చూడగానే ఆ ఇల్లాలు లేచి నిలబడింది.

"ఆపా, జెర జల్దీ కాలు పెట్టు. మీ పాపకు అయినట్టే మావోనికి అయింది. పొద్దున నుంచి నీ కోసమే సూస్తున్న."

వాడి తల కుడివైపు వాలి ఉంది. చూడగానే మా పాపే అనిపించింది. దగ్గరికి పోయి నుదుటి మీద చేయి పెట్టాను. పెనంలా కాలుతోంది. నోరు తెరిచే ఉంది, చొంగ గడ్డం మీదుగా కారి చొక్కా ముందంతా తడిసిపోయింది. మా పాప ఏడిస్తే వీధి లేచేది. వీడు ఏడవడానికి కూడా లేవడం లేదు, గొంతులో ఏదో గుడ్డ కుక్కినట్టు గుర్రుమంటున్నాడు.

"పాలు తాగిండా?"

"పొద్దున నుంచి మింగుతలేడు ఆపా. బుఖార్ ఉంది. కాలు పెట్టినంక తగ్గుతది గదా."

డాక్టరమ్మ చెప్పినవి ఒక్కొక్కటే కళ్ళ ముందు నిలిచాయి. జ్వరం. మింగలేకపోవడం. మత్తు. "ఇది అది కాదు, ఇప్పుడే దవాఖానకు పోవాలె" అన్నాను.

"పోతం. నువ్వు కాలు పెట్టు, తర్వాత పోతం."

పెట్టడం ఎంతసేపు? కానీ పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఎదురుకాలు పడ్డాక రెండు మూడు రోజులు ఆగాలని వాడకట్టులో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ పిల్ల నేరుగా ఇంటికి పోయి, కొడుకును పడుకోబెట్టుకుని, ఆ మూడు రోజులు కాచుకుని కూర్చుంటుంది. పొద్దుటి నుంచి ఇప్పటిదాకా కూర్చున్నదే నా కోసం. పైగా ఎదురుకాలు పడిన మెడను డాక్టరును ముట్టుకోనిస్తుందా? ఎవరి చెయ్యీ తగలకూడదని నేనే కదా శాసనం చేశాను!

మా అత్త వైపు చూశాను. ఆమె ముందు ఆ శాసనం అబద్ధమని చెబితే నా బిడ్డకు ఉన్న ఒక్క కంచే నా చేతులతో నేను పీకేసుకున్నట్టు. ఆదివారాలు ఇంకా చాలా ఉన్నాయి. జోగిపేట ఎక్కడికీ పోలేదు.

"నా కాలులో ఏం లేదు" అన్నాను.

ఆ పిల్లకు అర్థం కాలేదు. "ఏంది ఆపా?"

"నా కాలులో ఏం గుణం లేదు. ఎన్నడూ లేదు. మా పాపకు దానంతట అదే పోతుంది, డాక్టరు ముందే చెప్పింది. ఎవ్వరూ మెడ ముట్టుకోవద్దని నేనే అబద్ధం చెప్పిన. నీ కొడుకుది వేరే జబ్బు. లే."

లేవలేదు. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందరికి పెట్టినవ్. మావోనికే ఎందుకు పెట్టవు? మేమేం చేసినం నీకు?"

అప్పుడు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. దాని మీదా, నా మీదా, మెట్ల మీద నోరు తెరుచుకుని చూస్తున్న వాళ్ళ మీదా. "నీ కొడుకు ఊపిరాడక చస్తుండు, కనబడుతలేదా నీకు?" అని వీధంతా వినపడేలా అరిచి, పిల్లవాణ్ణి లాక్కుని ఆటో ఆపాను. చచ్చినట్టు వెంట వచ్చింది. దారిపొడవునా నన్ను తిడుతూనే ఉంది, కొంత తెలుగులో, కొంత ఉర్దూలో. పటాన్‌చెరు దవాఖానలో చూసినవాళ్ళు అరగంట కూడా ఉంచుకోకుండా అంబులెన్సులో నగరానికి పంపారు. గొంతు వెనక చీము గడ్డ కట్టిందట, ఊపిరి దారికి అడ్డం వస్తోందట. ఆ రాత్రికే ఆపరేషన్ చేసి తీశారు. పిల్లవాడు బతికాడు. ఇప్పుడు మా మెట్ల మీదే ఆడుతుంటాడు. వాళ్ళమ్మ నాతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. తిట్టినందుకు సిగ్గుపడిందో, నేను అరిచినందుకు కోపమో అడగలేదు.

ఇంటికొచ్చేసరికి మా అత్త పాపను పడుకోబెట్టి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అబద్ధమా?" అంది.

"అబద్ధమే అత్తమ్మా."

"మీ అమ్మ చెప్పింది గూడ?"

"అది కూడా."

మా అత్త అన్నం తినకుండా అటు తిరిగి పడుకుంది. అరిస్తే బాగుండేది. మా ఆయన మాత్రం తర్వాతి రోజు తీరిగ్గా చెప్పాడు, "కాలుల ఏం లేదన్నవ్ గదా. ఇంకోసారి వాలితే జోగిపేటకు పోవుడే. ఇగ నువ్వు అడ్డం రాకు." ఆయన చెడ్డవాడు కాదు. పిల్ల బాధ చూడలేడు, అంతే. చూడలేనివాళ్ళతోనే నాకు భయం.

ఆ తర్వాతి వారాలు నేను ఎలా పనిచేశానో నాకే తెలియదు. మా అత్త నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. పాపకు స్నానం, పాలు, నిద్ర అన్నీ మామూలుగానే చేసింది. ఆమె మనసులో ఏముందో కనిపించలేదు. మూతబెట్టిన గిన్నెలా ఉంది మనిషి.

ఒక మధ్యాహ్నం పనిలో ఉండగా మా లైన్ పిల్ల వచ్చి, ఆఫీసు రూముకు నీకు ఫోనొచ్చిందని చెప్పింది. మా అత్త. "పిల్లకు మెడ వాలింది" అంది. "మీ ఆయనకు గూడ చెప్పిన" అంది. పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. మా ఆయనకు చేస్తే, "నేను సెలవు పెట్టిన. జోగిపేటాయన పటాన్‌చెరుల చుట్టాలింటికి వచ్చిండంట, తోల్కొని వస్తున్న. పరేషాన్ గాకు" అన్నాడు.

గేటు పాసు కోసం సూపర్‌వైజరు ముందు నిలబడ్డాను. ఏడుస్తూ కాదు, పళ్ళు కొరుకుతూ. నా మొహం చూసి ఆయన ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు. షేర్ ఆటోలో మూలకు ఇరుక్కుని కూర్చున్నాను. ఎక్కడ లారీ అడ్డమొచ్చినా డ్రైవర్‌ను తిట్టాను. కళ్ళు మూస్తే గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి. టక్‌మనే చప్పుడు. ఆ చప్పుడు చెవిలో నుంచి పోలేదు.

మా ఇంటి ముందు మా ఆయన బండి ఆగి ఉంది. మెట్ల కింద మా ఆయన, పక్కన తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నారు. ఇద్దరూ పైకి చూస్తున్నారు. ఆలస్యమైందా, అంతా అయిపోయిందా అనుకుంటూ పరుగెత్తాను.

"అమ్మ తలుపు తీస్తలేదు" అన్నాడు మా ఆయన. గొంతులో కోపం లేదు, బిత్తరపోయి ఉన్నాడు. "ఆయన గడప తొక్కితే కాళ్ళిరగ్గొడ్త అంటున్నది. నావి గూడ."

నేను పైకి పోయి తలుపు తట్టాను. "ఎవలు?" అంది. నేనేనన్నాను. నా వెనక ఎవరైనా ఉన్నారా అని అడిగింది. లేరంటే అప్పుడు గడియ తీసి, నన్ను లోపలికి లాగి, మళ్ళీ పెట్టింది.

కిటికీకి దుప్పటి కట్టి ఉంది. పొయ్యి ముట్టించలేదు. మా అత్త భుజం మీద తువ్వాలు, పక్కన నీళ్ళ గిన్నె. పాప చాప మీద పడుకుని ఉంది, తల ఎడమకు వాలి, మొహం పాలిపోయి, కానీ ఏడవడం లేదు. మెడ మీద ఒక్క గుర్తు లేదు, నూనె తడి లేదు. చూసి నేను గట్టిగా ఏదో అనబోయాను.

"అరవకు" అంది మా అత్త గుసగుసగా. "చప్పుడైతే నొప్పి లేస్తది."

"అత్తమ్మా, కాలులో ఏం లేదని చెప్పిన గదా. మరి..."

"నీ కాలు సంగతి నాకెందుకు? గా డాక్టరమ్మ ఇది నా నొప్పే అన్నది గదా. ఆ నొప్పి నాకెర్క. అప్పుడు మనిషి చెయ్యి తగిల్తే పానం పోతది. నాకు చిన్నప్పటి సంది ఎంతమంది తలకాయ పిసికిండ్రో, ఎంతమంది గుంజిండ్రో. ఒక్కనితోని పోలె. అదే వస్తది, అదే పోతది."

అని మళ్ళీ వెళ్ళి పాపకు ఎదురుగా చాప మీద పడుకుంది. పడుకుని, తన తలను కూడా పిల్ల తల వాలినవైపే బాగా వంచింది. మెడ నరాలు పైకి తేలాయి. ఆ వయసులో అలా ఉండటం ఎంత కష్టమో చూస్తేనే తెలుస్తోంది. పాప ఆ మొహంలోకి చూస్తూ మెల్లగా వేళ్ళు చప్పరిస్తోంది.

"గట్లెందుకు పడుకున్నవ్ అత్తమ్మా? నీ మెడ పడతది."

"పడితే పడనియ్యి" అంది, కళ్ళు పాప మీద నుంచి తిప్పకుండా. "పిల్లకు నా మొకం సీదగ కనవడాలె గదా."